శీలానగర్ పక్కనే దిగిన విమానం

ఆ విమానాన్ని చూడగానే ఎల్లారావుకు రోత పుట్టింది. బాలి నుంచి ఢిల్లీకి ఎనిమిది గంటల ప్రయాణం. దానికి వీళ్ళు వేసింది ఇటు మూడు సీట్లు, అటు మూడు సీట్లున్న సన్న విమానం, హైదరాబాదుకు గంటలో వెళ్ళొచ్చే బాపతు. మోకాళ్ళు ముందు సీటుకు నొక్కుకుపోయాయి. పక్కవాడి మోచెయ్యి డొక్కలో పొడుస్తోంది. ఓడ అడుగున దూరి వెల్డింగ్ చేసే మనిషికి ఇరుకు కొత్త కాదు గానీ, అక్కడ కనీసం పనైనా జరుగుతుంది.

ఇరవై ఏళ్ళు విశాఖ పోర్టు దగ్గర ఓడలకు అతుకులు వేసి, నాలుగేళ్ళుగా ఇండోనేషియాలో అదే పని చేస్తున్నాడతను. పెళ్ళి మాట ఎత్తితే కసిరేవాడు. విశాఖ ఎయిర్‌పోర్టు పక్కనే శీలానగర్‌లో ఉండే అక్క పైడితల్లి, ఆమె కూతురు కీర్తన, అంతే అతని సంసారం. బావ పోయేనాటికి కీర్తనకు రెండేళ్ళు. చెవులు కుట్టిస్తుంటే అతని ఒళ్ళోనే కూర్చుని, అతని వేలే కొరికి ఏడ్చిన పిల్ల.

ఇవాళ ఆ పిల్ల పెళ్ళి. మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మోసుకొస్తేనే వాళ్ళలో పెళ్ళికూతురు మండపం ఎక్కేది. తమ్ముడు అందుకోవాలని పైడితల్లి పంతులుగారితో పోట్లాడి, పొద్దుటి ముహూర్తం మానిపించి సాయంత్రం ఆరూ ఇరవైకి పెట్టించింది. మగపెళ్ళివారు సణిగితే, నాలుగింటికల్లా వాడు మన ముందుంటాడని బతిమాలుకుంది.

పొద్దున్న తొమ్మిదిన్నరకు పైలట్ గొంతు సవరించుకున్నాడు. ఎదురుగాలి ఎక్కువగా ఉందట, ఇంధనం చాలదట, నింపుకోవడానికి విశాఖపట్నంలో దిగుతున్నారట. అంత దూరానికి చాలని విమానాన్ని పంపడమేమిటి, సముద్రం మీద గాలి వీస్తుందని ఇవాళే తెలిసినట్టు చెప్పడమేమిటి! అందరూ ఉసూరుమన్నారు. ఎల్లారావు మాత్రం సీట్లోంచి ఎగిరినంత పని చేశాడు. ఈ దిక్కుమాలిన విమానం చేసిన మంచిపని ఇదొక్కటే అనుకున్నాడు.

మనవాళ్ళ అలవాటు తెలిసిందే కదా, చక్రాలు ఇంకా పరిగెడుతుండగానే ఫోన్లు తీస్తారు. అతనూ తీశాడు.

"అప్పా, ఇశాపట్నంలో దిగిపోనాను. కారు పంపించు."

పైడితల్లి ఆ మాట పెళ్ళింట్లో అందరికీ వినిపించేలా చెప్పింది. పక్కింటి ఉదయ్‌కుమార్ కారు తీసుకెళ్ళి ఎయిర్‌పోర్టు గేటు దగ్గర నిలబడ్డాడు.

తలుపు తెరవలేదు. ఇది ఇంధనం కోసం ఆగడమేగానీ దింపడానికి కాదని, పాస్‌పోర్టులు చూసేవాళ్ళు ఇప్పుడు లేరని, టికెట్టు ఢిల్లీ వరకు కాబట్టి ఢిల్లీలోనే దిగాలని విమానంలోని అమ్మాయి చెప్పింది. ఎల్లారావు చేతులు జోడించాడు. ఫోన్లో శుభలేఖ చూపించాడు. పెట్టె మీరే ఉంచేసుకోండి, నన్ను దింపండి చాలన్నాడు. ఆమె నవ్వు చెదరకుండా, మీ సహనానికి ధన్యవాదాలు అంది. ఆ నవ్వు చూసి అతని ఒళ్ళు మండిపోయింది.

ఇంధనం బండి రావడానికే గంట పట్టింది. చల్లగాలి ఆగిపోయింది, తాగడానికి నీళ్ళయిపోయాయి, మరుగుదొడ్డి కంపు పదో వరస దాకా కొట్టింది. కిటికీలోంచి యారాడ కొండ కనిపిస్తోంది. ఇల్లు రెండు కిలోమీటర్లు లేదు. నడుచుకుంటూ పోయినా స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, టిఫిను తినేంత వ్యవధి ఉంది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది.

మళ్ళీ ఫోన్ చేసి, తనను దిగనివ్వడం లేదని చెప్పాడు.

"దిగిపోనానన్నావు గదరా?" అంది పైడితల్లి.

ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు. సొంత ఊళ్ళో వాలిన మనిషిని ఎవరు ఆపుతారని మగపెళ్ళివారి పెద్దాయన ఒకాయన నవ్వాడట. బుట్ట మొయ్యడం ఇష్టం లేకే ఈ కథలన్నీ అని కూడా అన్నాడట. పన్నెండింటికి విమానం లేచింది. ఫోన్ తెగిపోయింది.

ఢిల్లీ చేరేసరికి అతనెక్కాల్సిన విశాఖ విమానం వెళ్ళిపోయింది. తర్వాతది రాత్రి తొమ్మిదికి గానీ చేర్చదు. కౌంటర్లో ఉన్నవాడు ఒక చల్లారిన రొట్టె పొట్లం చేతిలో పెట్టి, అసౌకర్యానికి చింతిస్తున్నామని ముక్కుతూ చదివాడు. వాడి మొహాన కొట్టాలనిపించింది. తలుపు తెరవకుండానే దిగిపోనానని తను నోరు జారిన మాట గుర్తొచ్చి తనమీద అంతకన్నా అసహ్యం వేసింది.

ముహూర్తం దాటాక ఫోన్ చేశాడు. వెనక సన్నాయి మోగుతోంది. వరసకు మేనమామ అయ్యే గురునాథరావు బుట్ట మోస్తానని ముందుకొచ్చాడని, కీర్తన ఒప్పుకోలేదని, తనంతట తనే నడిచి వెళ్ళి పీటల మీద కూర్చుందని అక్క చెప్పింది.

"నా కోసం ఏటైనా అన్నాదా?"

పైడితల్లి సన్నాయి మోతకు ఎడంగా జరిగి గొంతు తగ్గించింది.

"ఊర్లోకొచ్చి ఎల్లిపోనోడి కోసం బుట్టెందుకమ్మా అన్నాదిరా."