ఎదుటి పక్షం పేరా

నిన్న వానలో ఉప్పల్‌లోని ఉల్లిగడ్డల దుకాణం ముందు నడుస్తుంటే, తడిసిన గోనెసంచుల్లోంచి నూనె, మట్టి, నార కలిసిన వాసన వచ్చింది. గొడుగు పట్టుకుని అక్కడే ఆగిపోయాను. ఆ వాసన నాకు పేర్రాజు గారిది. గోదావరి వైపు ఒక జనపనార మిల్లు ఆఫీసులో ఉద్యోగమంతా చేసి, రిటైరయ్యాక నాచారంలో చిన్న ఇల్లు కట్టుకుని, ఊరికే కూర్చోలేక గోనెసంచుల వ్యాపారం పెట్టిన మనిషి ఆయన. నేను అక్కడే ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో లెక్కలు చూసేవాణ్ణి. కాలేజీ మెట్లెక్కలేదు, లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. ఒకరోజు ఆయన మా ఫ్యాక్టరీలో సంచులు దింపించడానికి వచ్చి, నేను నోటితో కూడికలు చేయడం చూసి, "ఏవయ్యా యాదగిరీ, ఆదివారం ఖాళీయేనా? నీకు ఓట్ల లెక్క చూపిస్తాను," అన్నారు. ఓట్లంటే మా గల్లీ రాజకీయమనుకున్నాను. తీసుకెళ్ళింది ఇంటర్నెట్ సెంటరుకు. చూపించింది స్కాట్లండ్‌లోని డండీ నగరాన్ని.

మిల్లులో ఆయన చూసిన పాత యంత్రాలు అక్కడ తయారైనవే, వాటి మీద ఆ ఊరి పేరు ఇనుములో పోతపోసి ఉండేదట. "ఇన్నేళ్ళు ఆ పేరు చూస్తూ అన్నం తిన్నాను. అక్కడివాళ్ళు దేనికి పోట్లాడుకుంటారో తెలుసుకోవద్దూ?" అనేవారు. ఎవరైనా రాయగల విజ్ఞాన సర్వస్వం ఇంటర్నెట్‌లో పెరుగుతున్న రోజులవి. అందులో డండీ వార్డుల గురించి, కౌన్సిల్ రాజకీయాల గురించి సమాచారం పల్చగా ఉందని ఆయన బాధ. ఇంగ్లిష్ ఆయనది, పట్టికలు నావి. అక్కడ ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడని వరుస ఇస్తాడు. గెలుపుకు కావలసినదానికంటే ఎక్కువ వచ్చిన ఓట్ల విలువను భాగాలు చేసి తర్వాతివారికి పంపుతారు. "ఓటును ముక్కలు జేస్తరా సార్?" అని నోరు తెరిచాను. "చేస్తారు. ఓడినవాడికి పడ్డ ఓటు కూడా పారెయ్యరు," అన్నారాయన. ఆ దశాంశాలన్నీ పట్టిక చివర సరిగ్గా కుదిరిన రోజు నాకు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది.

తప్పులు కూడా మన తరహాలోనే చేశాం. ఒక వార్డులో ఇండిపెండెంటుగా నిలబడ్డ మనిషి గురించి, పార్టీ టికెట్ రాక తిరుగుబాటు చేశాడని ఇద్దరం కలిసి రాసేశాం. మర్నాడే ఆ ఊరివాడెవరో ఆధారమేమిటని అడిగాడు. "ఇండిపెండెంటంటే రెబెలే గద సార్! ఇందుల ఆధారమేంది?" అన్నాను. పేర్రాజు గారు కళ్ళద్దాలు తీసి పడీపడీ నవ్వి, "మనూరి బుర్రతో వాళ్ళూరు రాస్తున్నామయ్యా," అని ఆ వాక్యం తీసేశారు.

అక్కడ ఒక పార్టీ స్కాట్లండ్ వేరు దేశం కావాలంటుంది, ఇంకొకటి కలిసి ఉండాలంటుంది. నా మనసు మొదటిదాని వైపు, ఆయన మనసు రెండోదాని వైపు. ఎందుకో చెప్పనక్కరలేదు, నేను తెలంగాణవాణ్ణి, ఆయన ఆంధ్ర నుంచి వచ్చినవారు. ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఎవరికి ఏ పార్టీ నచ్చదో దాని గురించి వారే రాయాలి. అటువైపువాడు చదివి, "సరిపోయింది, మార్చేదేం లేదు," అనేదాకా పేజీలో పెట్టకూడదు. నేను తెలుగులో చెప్తే ఆయన ఇంగ్లిష్‌లో పెట్టేవారు. కలిసి ఉండాలనేవారి పేరా నాచేత ఎన్నిసార్లు తిరగ చెప్పించారో! "వాళ్ళని బుద్ధిలేనివాళ్ళని చేశావు. బుద్ధి ఉన్నవాడు అలా ఎందుకనుకుంటాడో చెప్పు," అనేవారు.

తర్వాత ఆ గొడవ మన వీధుల్లోకే వచ్చింది. బంద్‌లు, ఊరేగింపులు. ఇల్లు అమ్మేసి రాజమండ్రి వచ్చెయ్యమని ఆయన అల్లుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఆ చిరాకులో ఒకనాడు ఛాయ్ దగ్గర, "వేరుపడితే నడుపుకోవడం చాతనవుతుందా మీకు?" అన్నారు. గ్లాసు పెట్టేసి వచ్చేశాను. ఆదివారాలు ఆగిపోయాయి. ఆయన వెళ్ళిపోతారేమోనన్న దిగులు, నేనెందుకు అడగాలన్న కోపం రెండూ సమానంగా ఉండేవి.

ఒక సాయంత్రం ఆయనే చిల్కానగర్‌లో మా ఇంటికి వచ్చారు. కూర్చోకుండానే, "నీ పక్షం పేరా నేను చెప్తాను, విను," అని మొదలుపెట్టారు. "ఉద్యోగాల్లో ఇచ్చిన మాట తప్పాం. నీళ్ళు మీ పక్కనుంచే పారి మా పొలాలకి చేరాయి. మీ మాటని సినిమాలో రౌడీకీ, జోకరుకీ పెట్టి నవ్వుకున్నాం. మొన్న నేనన్నది కూడా ఆ లెక్కలోదే. సరిపోయిందా?"

"సరిపోయింది సార్. మార్చేదేం లేదు."

"ఇప్పుడు నాది చెప్పు."

"ఇల్లు పోతదేమోనని మీకు భయం."

"అది మా అల్లుడి భయం. నాది చెప్పవయ్యా."

ఈమధ్య కిరాణా దుకాణంలో ఆయన నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. "నోరు తెరువాలంటే భయం సార్. మాట ఇంటే ఏ ఊరోళ్ళో తెలుస్తదని. ఈ మధ్య కిరాణంల మీరు వేలు సూపిస్తున్నరు, అడుగుతలేరు."

ఆయన మా గుమ్మం పక్కనున్న కుర్చీలో మెల్లగా కూర్చున్నారు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. నేను లేచి, "నడువుండ్రి, నేనొస్త. ఏం గావాల్నో మీరే అడుగుండ్రి," అన్నాను. దుకాణంలో ఆయన గట్టిగా, గోదావరి యాసలోనే, "అర్ధకేజీ చింతపండు ఇవ్వండీ," అన్నారు. దుకాణాయన తూచి ఇస్తూ, "ఏంది పెద్దాయనా, మస్తు రోజులకు నోరిప్పినవ్!" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆ రాత్రే అల్లుడికి ఇల్లు అమ్మనని చెప్పేశారట. రాష్ట్రం వచ్చినప్పుడు మా ఇంటికి మిఠాయి పంపింది ఆయనే. చివరిదాకా నాచారంలోనే ఉన్నారు.

ఆయన లేరిప్పుడు. డండీ పట్టికలు నేనింకా సరిచూస్తుంటాను, కాని ఆయన నాకిచ్చింది అది కాదు. మనిషి అడుగుతున్నాడా, వేలు చూపిస్తున్నాడా అన్నది నా కంట పడుతుంది. మొన్న ఫ్యాక్టరీ గేటు దగ్గరి ఛాయ్ కొట్లో ఒడిశా నుంచి కొత్తగా వచ్చిన పనివాడు మాట్లాడకుండా బిస్కెట్ల సీసా వైపు వేలు చూపించాడు. వచ్చీరాని హిందీలో, మీ ఊరేదని అడిగాను. మొదట బెదురుగా చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఊరు, చెరువు, వాళ్ళమ్మ, ఏమేమో. సగం నాకర్థం కాలేదు. ఇద్దరి ఛాయ్ చల్లారిపోయింది.