ఖాళీ గిన్నె వెనక్కి పంపని గల్లీ

మా మహిళా మండలి సమావేశాల్లో నేను మాట్లాడేది తక్కువ. లేచి నిలబడితే చెప్పాలనుకున్నది మరిచిపోతాను. పట్నం పాతబస్తీలో మొఘల్‌పురా వెళ్ళివచ్చాక అందరూ అడిగితే కూడా "పని బాగానే ఉంది" అని కూర్చున్నాను. కాని ఇకమీదట నెలకొకరు సరుకుతో అక్కడికి వెళ్ళాలని తీర్మానమైంది. వెళ్ళేవాళ్ళకు దారితో పాటు అక్కడి పద్ధతీ తెలియాలి. నోటితో చెప్పలేనిది రాసైనా చెబుదామని, బడి విడిచాక ఇన్నేళ్ళకు, యాభై దాటబోతూ కలం పట్టాను.

నన్ను పంపిన పని మనసుకు నచ్చినది కాదు. మొఘల్‌పురా జాహెదాబీ భర్త పోయాక మహబూబ్‌నగర్‌లో పుట్టింట్లో కొన్నాళ్ళుండి, మా దగ్గరే తొక్కు పచ్చళ్ళు పెట్టడం, తూకం వేయడం, ధర కట్టడం నేర్చుకుంది. నేర్చుకున్నవారికి మండలి స్టవ్వు, జాడీలు, త్రాసు ఇస్తుంది. ఆరు నెలల్లో అమ్మకం మొదలుకాకపోతే ఆ సామాను వరుసలో ఉన్న తరువాతి ఆమెకు వెళ్ళాలన్నది నియమం. జాహెదాబీ నుంచి అమ్మకం కబురే లేదు. తరువాతి వరుస మా వీధి బాలమణిది. వెళ్ళి చూసి, అమ్మకం లేకపోతే సామాను తెచ్చెయ్యమన్నారు. బాలమణి తన అప్పడాల మూట ఒకటి నా చేతికిచ్చి, "పట్నంల ఏదన్న దుకాణంల అడుగు పెద్దమ్మా" అంది.

శనివారం దేవుడికి దీపం పెట్టి, తెల్లవారుజాము ప్యాసింజరు ఎక్కాను. అందరూ కాచిగూడకు టికెట్టు తీసుకుంటారు. అవసరం లేదు, ఉప్పుగూడలో దిగితే మొఘల్‌పురా దగ్గర. టికెట్టు అయిదు రూపాయల లోపే. పది దాటాక దిగి, స్టేషను బయట రిక్షా అతన్ని అడిగాను.

"మొఘల్‌పురా అంటే మస్తు పెద్దది గదమ్మా. ఏ గల్లీ?"

"తొక్కులు పెట్టే జాహెదాబీ ఇల్లు."

"తొక్కు జాహెదానా! గట్ల చెప్పు. మా గల్లీనే. మా గల్లీ మొత్తం ఆమె తొక్కే తింటది. రెండు రూపాయలియ్యి, ఇంటి ముంగట దింపుత."

రూపాయిన్నరకు ఒప్పుకున్నాడు. లాల్ దర్వాజ దగ్గర అమ్మవారి గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. గల్లీ మొత్తం తింటోందంటే అమ్మకం బాగున్నట్టేగా, సామాను అడగనక్కర్లేదని మనసు తేలికపడింది.

గోనె పరదా తొలగించి జాహెదాబీ నా చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. జాడీలన్నీ దాదాపు ఖాళీ.

"మస్తు పోయిందక్కా తొక్కు. గింతే మిగిలింది."

"మరి అమ్మిన పైసలేవమ్మా?"

ఆమె గోడలోని గూడు చూపించింది. సేమ్యాలు, చక్కెర పొట్లాలు, కోడిగుడ్లు, ఒక జాకెట్టు గుడ్డ. త్రాసుకు మేం కట్టి ఇచ్చిన తాడు ఇంకా విప్పనేలేదు.

"పక్కింటి ఖాలాకు గిన్నెల పంపిన. ఖాలీ గిన్నె వాపస్ పంపుతరా? సేమ్యా పోసి పంపింది. అందరు గట్లనే."

"ధర చెప్పకపోయినవా?"

"నోరు రాలేదక్కా. నా మరద్ పోయినప్పుడు మా ఇంట్ల పొయ్యి ఎలగలే. గిన్నెలు ఈళ్ల ఇండ్లకెల్లే వచ్చినయ్. గసొంటోళ్లకు తూకమేసి అమ్ముతనా? తోబా!"

తూకం నేర్పాం, లాభం నేర్పాం. పక్కింటివాళ్ళకు ధర ఎలా చెప్పాలో మాలో ఎవరికి తెలుసు? వచ్చిన పని, బాలమణి సంగతి మెల్లగా చెప్పాను. ఆమె స్టవ్వు ముందు పెట్టుకుని బూడిదతో తోమడం మొదలుపెట్టింది.

"తీస్కపో అక్కా. సాఫ్ జేసి ఇస్త. నేను మళ్ల జేఠాణీ ఇంట్ల గిన్నెలు తోముకుంట బతుకుత" అంది. జేఠాణీ అంటే ఆమె తోడికోడలు.

అప్పుడే పక్కింటి ఖాలా, అంటే జాహెదాబీ పిన్నిలా పిలుచుకునే అరవై దాటిన ముసలామె, అరటిపళ్ళతో వచ్చింది. నాకు శనివారం ఒక్కపొద్దని జాహెదాబీ చెప్పి పంపిందట. మూట చూసి, "గదేంది బహెన్?" అంది.

"అప్పడాలమ్మా. కొన్ని తీసుకోండి" అని మూట విప్పబోయాను.

జాహెదాబీ తోముతున్న స్టవ్వు వదిలి లేచింది. "ముఫత్ ఏందక్కా! బాలమణి ఎండల కూసోని ఒత్తిందంటివి. ఖాలా, పావుకిలో మూడు రూపాయలు. ఉద్దెర లేదు."

"మూడా? దినం పూట లూట్ చేస్తున్నవ్ గదనే!"

"అగ్గువకు గావాల్నా? బజార్ల పో, నూనెల ఏస్తె మాడి బొగ్గయితయ్. గప్పుడు నన్ను యాది జేస్తవ్."

"నీ నోట్ల మిర్చి పడ! తూకమన్న సక్కగ ఎయ్యి" అంటూ ఖాలా నవ్వి కొంగుముడి విప్పింది. జాహెదాబీ త్రాసు తాడు విప్పింది. ఖాలా గోడ మీంచి కేకేస్తే ఇంకో ఇద్దరొచ్చారు, వాళ్ళ వెనుక మరికొందరు. మధ్యాహ్నం నమాజు వేళకు మూట ఖాళీ అయింది.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "ఖాలా దగ్గర పైసలు తీసుకుంటివి గదా?"

"గది నాది గాదు గదక్కా. పరాయి మనిషి కష్టం. దానికి సిగ్గేంది?"

నా పెరటి కరివేపాకు నేనూ ఏనాడూ అమ్మలేదు. చెల్లెలి చీరలు మాత్రం వీధి వీధీ తిరిగి అమ్మిపెట్టాను. స్టవ్వు ఎత్తి దాని చోట పెట్టాను. "నీ తొక్కు మా ఊర్ల మేము అమ్ముతం. మా అప్పడాలు ఈడ నువ్వు అమ్ము" అన్నాను. అంత గట్టిగా నేను మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఆమె మిగిలిన తొక్కంతా ఒకే జాడీలోకి ఎత్తి, మూతకు గుడ్డ కట్టి, "నూనె కారకుండ నిలబెట్టి తీస్కపో" అంది.

సాయంత్రం రైల్లో భయం వేసింది. నియమం దాటడానికి నేనెవరిని? బాలమణికి ఏం చెప్పాలి? రాత్రి ఊరు చేరి అప్పడాల డబ్బు ఇస్తే, బాలమణి కొంగున కట్టుకుని, ముందు అప్పడాలు బాగున్నాయన్నారా అనడిగింది. తరువాత, "మరి స్టవ్వు?" అంది. లేదన్నాను. ఆ రాత్రి ఇక నాతో మాట్లాడలేదు. మర్నాడు రెండింతల పిండి తడిపింది. స్టవ్వు కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది, అది నాకు మనసులో ముల్లే. అయినా ఒకామె చేతిలోంచి తీసి ఇంకొకామెకు ఇవ్వడమే సాయమని దేవుడు అనుకుంటాడని నేను నమ్మలేను. ఇరుగుపొరుగు ప్రేమ చెడకుండా బతుకు నడిచే దారి ఉంటే, కష్టమైనా అదే నేర్పాలి.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఏ సరుకు తీసుకెళ్ళినా పరదా దగ్గరే "ఇది అమ్మకానికి" అని చెప్పండి. లోపల కూర్చున్నాక మీరు చుట్టాలవుతారు, ఇక ఎవరూ ధర ఎత్తలేరు.

ఈ కాగితాలు మండలి పెట్టెలో దాచండి. వెళ్ళే ఆమె చదువుకుని మళ్ళీ అక్కడే పెట్టాలి. ఇంకెవరికీ చూపించవద్దు. జాహెదాబీ ఈ మాటలు పరదా లోపల నాకు చెప్పింది.