సైరన్ మోగాక నా క్లాసు

ఆ రోజుల్లో, అంటే పటాన్‌చెరు చుట్టూ పొలాల్లో కార్ఖానాలు ఒక్కొక్కటిగా లేస్తున్న డెబ్బైల్లో, నా అంత కఠినమైన మాస్టారు జిల్లాలోనే లేడని అందరూ అనుకుంటున్నారని నా నమ్మకం. (నమ్మకం నా ఒక్కడిదే.) సంగారెడ్డిలో మా నాన్నకు మిర్చి దుకాణం. తక్కెడ పట్టుకుంటే చాలని ఆయన, చదువు చెప్తానని నేను, చాలాకాలం పోట్లాడుకున్నాక పటాన్‌చెరు బడిలో దొరికిన టెంపరరీ పోస్టు అది. ఇన్‌స్పెక్టరు వచ్చి క్లాసు బాగుందని రాస్తే పర్మినెంటు, లేకపోతే మిర్చి.

చిక్కంతా మధ్యాహ్నం సైరన్‌తోనే. అది మోగితే కార్ఖానాలో తండ్రులకు అన్నం వేళ. పిల్లలు ఇంటికి ఉరికి, తల్లి కట్టిచ్చిన టిఫిన్ డబ్బాను గేటు దగ్గర తండ్రికి అందించాలి. మా బడిలో భోజనం గంట మాత్రం ఆ తర్వాత చాలాసేపటికి గానీ కొట్టరు. నేను గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను, వాళ్లు కిటికీలోంచి దూకారు. కిటికీ దగ్గరికి జరిగాను, గుమ్మంలోంచి పోయారు. రెండు దారులున్న గదికి ఒక్క మాస్టారినే ఇచ్చినందుకు సర్కారును తిట్టుకున్నాను.

చివరికి పరువు పక్కన పెట్టి, నా పాఠంలో లోపమేమిటో చెప్పమని పిల్లలనే అడిగాను. (అలా అడిగినందుకు నాకు మతి పోయిందని మా హెడ్మాస్టరు అనుకున్నాడట.) వెనక వరసలోంచి ఒక జడల పిల్ల మెల్లగా లేచింది.

"మీరు మంచిగనే చెప్తరు సార్. గని సైరన్ మోగినంక మాకేం వినవడది. మా నాయిన గేటుకాడ నిలవడి సూస్తుండేమో అనే సోయిలనే ఉంటం."

కోపం రావాలి, రాలేదు. మర్నాటి నుంచి సైరన్ మోగగానే నేనే పంపించి, వాళ్లు తిరిగొచ్చాక భోజనం వేళలో ఆ పాఠం చెప్పాను. క్లాసు దానంతటదే కుదురుకుంది. హెడ్మాస్టరు కూడా గట్లనే కానియ్యమని భుజం తట్టాడు.

ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా సరిగ్గా ఆ వేళకే వచ్చాడు. గదిలో నేనూ బల్లలూ ఉన్నాం. సంగతంతా చెప్పి హెడ్మాస్టరు వైపు చూశాను. ఆయన పైకప్పు పెంకులు చూస్తున్నాడు. కాసేపు ఆగితే వస్తారని బతిమాలాను. ఇన్‌స్పెక్టరు ఆగలేదు. జీపు రోడ్డెక్కాక పిల్లలు రొప్పుతూ వచ్చి కూర్చున్నారు.

"జీపు సూసి జల్దీ ఉరికొచ్చినం సార్," అంది జడల పిల్ల. "పోయిండా?"

పోయాడన్నాను. పాఠం మాత్రం చెప్పాను. అంత బుద్ధిగా వాళ్లెన్నడూ వినలేదు.

మరుసటి ఏడు ఆ బడి భోజనం గంటను సైరన్ వేళకు మార్చారు. పిల్లల మనసెరిగినవాడని హెడ్మాస్టరును పైవాళ్లు మెచ్చుకున్నారు. ఆ మాట నాకు చెప్పింది ఆయనే, మా దుకాణంలో మిర్చి తూకం వేయించుకుంటూ.

"మన బడికి మంచి పేరొచ్చింది పో," అన్నాడు.

'మన' అన్నందుకు ఒళ్లు మండింది, కళ్లూ మండాయి. కుర్చీ మోసుకుంటూ గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరిగిన ఆ కుర్ర మాస్టారిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు రాలేదు. మిర్చి దుకాణంలో ఉన్న సుఖం అదొక్కటే, కళ్లలో నీళ్లెందుకని ఎవరూ అడగరు.