కడవ కింది ఇసుక

భర్త పోయాక అక్క నల్లమాడ దగ్గర మా ఊరికి వచ్చి నాతోనే ఉండిపోయింది. అప్పటికే ముఖం ఉబ్బి, గొంతు బొంగురుపోయింది. ఎండాకాలంలోనూ కంబళి కప్పుకుని ఎండలో కూర్చునేది.

"ఈ ఎండల్లో ఉన్ని మోసేది గొర్రెలూ నువ్వే కదక్కా!" అనేది పక్కింటామె.

"గొర్రెలన్నా నడుస్తాండాయి. నాకు అదీ చేతకాలేదు" అనేది అక్క.

విత్తనాలకు చెనిక్కాయలు ఒలుస్తూ, చేతిలో కాయ ఉండగానే నిద్రపోయేది. కదిరిలో డాక్టరు మెడ తడిమి చూసి, థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదన్నాడు. బతికినన్నాళ్లూ రోజుకొక బిళ్ల మింగాలన్నాడు. ఆ బిళ్లలు కాగితం పొట్లంలో కట్టి ఇచ్చేవాళ్లు. మా ఇంట్లో చల్లగా ఉండే చోటు ఒక్కటే, నీళ్ల కడవ కింద పోసిన ఇసుక. తమలపాకులు, వెన్నగిన్నె అక్కడే పెట్టేవాళ్లం. మందు ఎండకు చెడిపోతుందని అక్క పొట్లాన్నీ అక్కడే పెట్టింది.

కొత్త పొట్లం తెచ్చిన కొన్నాళ్లు తేరుకునేది. తర్వాత మళ్లీ అదే మత్తు.

"ఒకటి చాలదు సార్. మూడియ్యండి" అంది డాక్టరుతో.

"నీకు గుండెనొప్పి ఉండాదమ్మా. ఎక్కువిస్తే తట్టుకోలేవు. అసలు మింగుతాండావా, పారేస్తాండావా?"

"పారేసేదానికి బస్సులో ఇంతదూరం నిలబడి వస్తానా? ఇట్ల నిద్రపోతా బతికేదానికన్నా మేలుకొని చచ్చేది నయం సార్."

"చచ్చేదానికి నా మందెందుకమ్మా?" అని నవ్వాడు డాక్టరు. అక్క నవ్వలేదు.

ఆ తర్వాత ఆమె హిందూపురంలో మందుల షాపు నుంచి బిళ్లలు తెప్పించుకుని, అవీ పొట్లంలోనే కలిపి ఇసుకలో పెట్టి, రోజూ మూడు మింగసాగింది. నాకు చెప్పే చేసింది. మత్తు కొంచెం తగ్గింది, అంతే.

మరుసటేడు వానలు లేవు. బావి ఎండింది. దూరం నుంచి మోసుకొచ్చిన కాసిన్ని నీళ్లు మూత ఉన్న బిందెలో దాచుకున్నాం. కడవ ఖాళీగా ఉండిపోయింది. దాని కింది ఇసుక పొడిబారింది. పొట్లం మాత్రం అక్కడే ఉంది.

ఆ ఎండాకాలమే అక్క కంబళి మడిచి అటక మీద పెట్టింది. ముఖం వాపు దిగింది. గంపెడు కాయలు ఒక్కతే ఒలిచింది. చెమట పట్టేది, వేళ్లు వణికేవి.

"చూస్తివా, మూడు మింగితే మనిషినైనా. మీ డాక్టరుకు చెప్పు పో" అంది నాతో.

కొన్నాళ్లకే, పట్టపగలు, పక్కింటామెతో మాట్లాడుతూ ఎదురొమ్ము పట్టుకుని ఒరిగిపోయింది. గుండె ఆగింది.

మిగిలిన పొట్లం తీసుకుని కదిరి పోయి, జరిగినదంతా డాక్టరుకు చెప్పాను. ఆయన ఒక బిళ్లను వేళ్ల మధ్య నొక్కి చూశాడు.

"గట్టిగానే ఉండాదే. యాడ పెట్టేవాళ్లు?"

"కడవ కింద ఇసుకలో."

"ముందు మెత్తబడేవా?"

"వేళ్లకు అంటుకునేవి. ఈ ఏడు కడవలో నీళ్లు లేవు కదా."

"చెమ్మ తగిలితే వీటి బలం పోతుంది. ఆమె మింగలేదనుకున్నా. యాడ పెట్టినావని అడగలేదు" అన్నాడు.

బిళ్లను పొట్లంలో వేసి నా చేతికిచ్చాడు. బస్సు దిగాక నాకేం చేయాలో తోచలేదు. పొట్లం మళ్లీ కడవ కిందే పెట్టాను. ఆ ఏడు చివరిదాకా ఇసుక పొడిగానే ఉంది.