అత్తారి ఊరి రాయి

మా ఆవిడ లెక్కలో నాకు ఇద్దరు పెళ్లాలు. ఒకరు తను, రెండోది సంగిడి రాయి. పిడి ఉన్న ఆ రాయిని ఒంటిచేత్తో లేపి తలపైన నిలపాలి. బడిలో లెక్కలు చెప్పుకునేవాడికి ఇదేం పిచ్చని తను అడుగుతూనే ఉంటుంది. రాయి పైకి లేచిన క్షణంలో మాత్రం లోకంలో నాకంటే మొనగాడు లేడనిపిస్తుంది.

కిందటేడు మా ఊరి సంబరంలో రాయి జారి కుడి భుజం ఎముక విరిగింది. రెండు నెలలు మా ఆవిడే నాకు చొక్కా తొడిగింది, తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది. కట్టు విప్పిన రోజు మా పదేళ్ల పిల్లని తెచ్చి నా ఎదురుగా నిలబెట్టింది.

"ఎముక నీదే, కాదన్ను. అది ఇరిగితే సాకిరీ ఎవులిది? పిల్ల నెత్తి మీద సెయ్యేసి సెప్పు, ఇంక రాయి ముట్టనని."

చెయ్యేసి చెప్పాను. పిల్ల తల మీద ఒట్టేసి తప్పితే ఆ కీడు పిల్లకే తగులుతుందంటారు. నేను అవన్నీ నమ్మను. నమ్మకపోయినా, చెయ్యి తీసేముందు పిల్ల తల ఒకసారి నిమిరాను.

ఈ వేసవిలో గరివిడి దగ్గర అత్తారి ఊళ్లో అమ్మవారి సంబరం. ముగ్గురం బండి మీద వెళ్లాం. మా ఆవిడ వాళ్లమ్మతో గుడికి వెళ్లిందో లేదో, మా బావమరిది నన్ను రాయి పందెం దగ్గరికి లాక్కుపోయాడు. పిల్ల మా వెనకే వచ్చింది.

"ఎత్తు బావా! అందరూ నీకేసే సూస్తన్నారు."

"ఒట్టేసినానురా."

"ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీ!"

నాలో ఒక ప్లీడరు ఉన్నాడు. ఎప్పుడూ నా తరఫునే వాదిస్తాడు. ఒట్టేసింది మా ఊళ్లో, మా ఊరి రాయి గురించి. ఇది అత్తారి ఊరి రాయి, దానికీ దీనికీ ఏం సంబంధం? కేసు గెలిచాను. చొక్కా విప్పి బావమరిది చేతికిచ్చి, అరచేతులకి మట్టి రాసుకున్నాను. డప్పులు జోరందుకున్నాయి.

వంగి పిడి పట్టుకుని తలెత్తితే, జనంలో ముందు వరసలో మా పిల్ల. నా హెల్మెట్ పెట్టుకుని ఉంది. అది ముక్కు దాకా జారిపోతుంటే రెండు చేతులతో పైకి పట్టుకుని నన్నే చూస్తోంది.

"అదెందుకే?" అని అరిచాను.

"నా నెత్తి మీద ఒట్టేసినావు కదా నాన్నా. నువ్వు ఎత్తుకో. నాను హెల్మెట్ ఎట్టుకున్నాను."

జనం గొల్లుమన్నారు. నాకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వద్దని కూడా అనలేదది. నా సరదాకి తన ఏర్పాటు తను చేసుకుంది.

పిడి వదిలేశాను. నడుం పట్టేసిందని బావమరిదికి అబద్ధం చెప్పి, చొక్కా తొడుక్కుని పిల్ల పక్కన నిలబడ్డాను. ఈలోగా ఎవడో వచ్చి అదే రాయిని నాకంటే వంకరటింకరగా ఎత్తేస్తున్నాడు. నా చేతులు దురద పెడుతున్నాయి.

"ఇంక తీసీనా నాన్నా? సెమట పట్టేస్తంది."

"కాసేపు ఉంచు తల్లీ," అన్నాను.