మూడోసారి అడిగితేనే

ఆ మధ్యాహ్నం మాకు జరిగిన నష్టం ముందే చెప్పేస్తాను, లెక్క తేలకుండా నాకు మాట ముందుకు సాగదు. చికెన్ బిర్యానీ, సగం గిన్నె. కోడి వేపుడు ఒక ప్లేటు, అందులో ఎనిమిది ముక్కలు (దూరం నుంచే లెక్కపెట్టాను). ఐస్‌క్రీములు రెండు. పిల్లలకు మర్యాద నేర్పడంలో నా అంతటివాడు లేడన్న నమ్మకం ఒకటి, అది పూర్తిగా. కొత్త రాష్ట్రం వచ్చిన ఆ తొలి రోజుల్లో మా నకిరేకల్ పక్క నుంచి పోయే పెద్ద రోడ్డు మీద ఏసీ హోటళ్లు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి. అప్పటిదాకా హోటల్ అంటే మాకు బస్టాండు దగ్గర నిలబడి తినే మిర్చి బజ్జీలే. అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయాక ఎట్లా కూర్చోవాలో, ఎవరితో ఏమనాలో చెప్పేవాళ్లు లేరు. చెప్పేవాళ్లు లేనిచోట నేను చెప్పబోవడం నా పాత జబ్బు.

నేను నిమ్మకాయల మండిలో గుమస్తాను. ఏడో తరగతితో బడి మానేసినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. బస్తా మూతి విప్పి చూస్తే కాయలెన్ని ఉన్నాయో పదీ ఇరవై తేడాతో చెప్పేస్తాను. ఆ ఒక్క విద్యతో లోకంలో దేన్నైనా కొలవవచ్చని అప్పట్లో నా ధీమా. మర్యాదను కొలవాల్సిన అవసరం మా అక్క ఇంట్లో పెళ్లినాడు వచ్చింది. మా చిన్నోడికి అప్పుడు ఐదేళ్లు. వాడు ఐదో లడ్డుకు చెయ్యి చాపితే అక్క నవ్వుతూనే, "ఏం తమ్మీ, ఇంట్ల పెడ్తలేరా పోరనికి?" అన్నది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఇంటికి తిరిగివచ్చే బస్సులోనే నా సూత్రం తయారైంది. మా వైపు ఎవరింటికి పోయినా పెట్టేవాళ్లు పెడతామంటారు, తినేవాళ్లు వద్దంటారు, వాళ్లు బతిమాలతారు, వీళ్లు మళ్లీ వద్దంటారు, చివరికి అందరూ కడుపునిండా తింటారు. ఎవరూ లెక్కపెట్టని ఆ వ్యవహారానికి నేను అంకె వేశాను.

"చూడుర్రి, హోటల్ల ఎవలు ఏం అడిగినా మొదటిసారి వద్దనాలె. రెండోసారి గూడ వద్దనాలె. మూడోసారి అడిగితేనే, సరే కొంచెం పెట్టుర్రి అనాలె" అని చెప్పాను.

మా పెద్దదానికి ఎనిమిదేళ్లు. అది నా పోలికే, సందు కనబడితే వేలు పెడుతుంది. "మూడోసారి అడగకపోతే ఎట్ల నాయినా?" అన్నది.

"అడగకుంట ఎట్లుంటరే? మర్యాద తెలిసినోళ్లు అడుగుతరు."

ఇక రోజూ సాయంత్రం మా ఇల్లు హోటల్ అయ్యేది. నేను భుజాన తువ్వాలు వేసుకుని వెయిటర్‌నయ్యేవాణ్ని. పిల్లలు రెండు పీటల మీద కూర్చుని పప్పన్నాన్ని రెండుసార్లు కాదని మూడోసారి ఒప్పుకునేవాళ్లు. పొయ్యి దగ్గర నుంచి మా ఇంటామె, "ఇగో, పోరగాండ్లను తిననిస్తవా, లేకుంటే ఉపాసం పండవెడ్తవా?" అని అరిచేది. నేను పట్టించుకునేవాణ్ని కాదు. ఈ శిక్షణకు పెద్దది అంత ఓపికగా తలవంచడానికి కారణముంది. రోడ్డు మీది కొత్త హోటల్ ముందర ఒక పెద్ద బోర్డు ఉండేది. దానిమీద ఎత్తు గాజు గ్లాసు, గ్లాసులో మూడు రంగుల ఐస్‌క్రీము, పైన ఎర్రటి పండు. పెద్దది బడి ఆటోలో రోజుకు రెండుసార్లు దాని ముందు నుంచే పోయేది. "మంచిగ నేర్చుకుంటే గది తినిపిస్త" అని నేను మాట ఇచ్చాను.

అవకాశం మా బామ్మర్ది రూపంలో వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి, కొత్త కారు కొని, వాళ్లక్కను, అంటే మా ఇంటామెను, మమ్మల్నీ ఎక్కించుకుని నేరుగా ఆ హోటల్‌కే తీసుకుపోయాడు. పిల్లలు ఉతికిన బట్టల్లో బొమ్మల్లా కూర్చున్నారు. వెయిటర్ వచ్చి, "ఏం తింటవ్ బాబూ?" అని చిన్నోణ్ని అడిగాడు.

"ఏం వద్దు."

"పాపకు?"

"మాకు ఆకలైతలేదు" అన్నది పెద్దది, నేను నేర్పిన దానికంటే ఒక మాట ఎక్కువ కలిపి. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

బామ్మర్ది పిల్లల మొహాలు చూసి, "కార్ల కడుపుల తిప్పినట్టుంది బావా. పెరుగన్నం చెప్త, అదే మంచిది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు చెప్పేశాడు కూడా. చిన్నోడు బల్ల కింద ఒక వేలు మడిచి నా వైపు చూశాడు. ఇంకా రెండున్నాయి అన్నట్టు నేను కళ్లతోనే ధైర్యం చెప్పాను. తర్వాత కోడి వేపుడు వచ్చింది. "బాబుకు రెండు ముక్కలు పెట్టనా?" అన్నాడు వెయిటర్. "వద్దు" అన్నాడు వాడు, ప్లేటు మీద నుంచి చూపు తిప్పుకోకుండానే. వెయిటర్ ప్లేటును బామ్మర్ది ముందు పెట్టి వెళ్లిపోయాడు. పిల్లల సంగతి అట్లా ఉంచండి. "సార్, బిర్యానీ ఇంకొంచెం?" అంటే అలవాటుకొద్దీ నేనూ "వద్దు" అన్నాను. ఆ మనిషి సగం గిన్నెను నా కళ్ల ముందే ఎత్తుకుపోయాడు. ఏసీ హోటళ్లలో ఒక్కసారే అడుగుతారన్న సంగతి నాకు ఆ గిన్నె వీపు చూశాకే తెలిసింది.

చివరికి ఐస్‌క్రీము మాట వచ్చింది. "తింటవా బిడ్డా?" అన్నాడు బామ్మర్ది.

"వద్దు మామా."

"నిజంగనే వద్దా?"

"వద్దు మామా." ఆ రెండో వద్దు అనేటప్పుడు పెద్దదాని మొహం ఎట్లా వెలిగిందంటే, మూడోదానికి జవాబు పెదవుల మీదికి వచ్చి నిలబడింది. అప్పుడే బామ్మర్ది ఫోన్ మోగింది. వాడు మాట్లాడుతూ బయటికి పోయాడు. మాట్లాడుతూనే వచ్చి బిల్లు కట్టాడు. పెద్దది తలుపు వైపే చూస్తూ కూర్చుంది. నేనే వెయిటర్‌ను పిలిచి ఒకటి తెమ్మంటే అయిపోయేది. కానీ ఇంకొకరు తినిపిస్తున్నచోట మనం నోరు తెరిచి అడగరాదన్నది కూడా నా సూత్రాల్లోదే, అందుకని నీళ్లు తాగాను.

కారు కొంత దూరం పోయాక చిన్నోడు ఏడుపు గొంతుతో, "మామా, నువ్వు లెక్క తప్పినవ్. ఇంకొక్కసారి అడగాలె" అన్నాడు. సంగతంతా బయటపడింది. బామ్మర్ది కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు. కళ్లు తుడుచుకుని, "వెనుకకు పోదామా బావా, తినిపిచ్చుకొద్దాం" అన్నాడు.

నేనేమన్నానో మీకు తెలిసే ఉంటుంది. "వద్దు వద్దు" అన్నాను. మూడోసారి అడుగుతాడనుకున్నాను. రెండు వద్దులూ ఒకేసారి అనేశానని గుర్తుకొచ్చేసరికి కారు కదిలింది. ఇంటామె నా వైపు తిరిగి చూసిన చూపుకు లెక్క కట్టే విద్య నేనింకా నేర్చుకోలేదు. ఇంటికి రాగానే పచ్చి పులుసు కలిపి పెడితే పిల్లలిద్దరూ ఒక్కసారి కూడా వద్దనలేదు. మర్నాడు బండి మీది కప్పు ఐస్‌క్రీములు తెస్తే చిన్నోడు రెండూ తిన్నాడు. పెద్దది మాత్రం, "గిది గ్లాసుది కాదు" అని పుస్తకం తెరిచింది. ఆ నెల జీతం వచ్చేదాకా ఆగి, పెద్దదాన్ని తీసుకుని పోయి చూస్తే ఆ రోడ్డు మీది హోటల్‌కు తాళం ఉంది. కొన్నాళ్లకు బోర్డు కూడా దించేశారు.

పెద్దది ఇప్పుడు నల్లగొండలో డిగ్రీ చదువుతోంది. ఈమధ్య దాన్ని చూడటానికి పోయినప్పుడు క్లాక్‌టవర్ దగ్గరి హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. "ఐస్‌క్రీం తింటవా బిడ్డా?" అన్నాను.

"వద్దు నాయినా."

"నిజంగనే వద్దా?"

"వద్దు." దాని కళ్లల్లో నవ్వు చూసి మూడోసారికి నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టింది. "మూడోది అడగకు నాయినా. అడిగితే నీ బాకీ తీరిపోతది. గట్లనే ఉండనీ." అని వెయిటర్ వైపు తిరిగి, "అన్నా, ఒక ఐస్‌క్రీం. ఎత్తు గ్లాసుల తేవా" అన్నది. ఆనక నన్ను చూసి, "నీకు?"

"వద్దు బిడ్డా" అన్నాను. ఇన్నేళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది.

"సరే అయితే" అన్నది, మళ్లీ అడగలేదు. కానీ గ్లాసు వచ్చినప్పుడు పైనున్న ఎర్రటి పండు తీసి నా ప్లేటులో పెట్టింది, అడగకుండానే. ఆ సగం గిన్నె బిర్యానీ, ఆ ఎనిమిది ముక్కలు ఎప్పుడో మరిచిపోయాం, ఐస్‌క్రీములకు ఇక లెక్కే లేదు. నా వైపు నుంచి మిగిలిన బాకీ, నేటి వరకు: ఒక్క అడుగుడు.