పెనిమిటి పేరు

సారవ్వకు ఎన్ని భాషలు వచ్చో లెక్క చెప్పగలవాళ్లు గోదావరిఖనిలో లేరు. ఆమెనే అడిగితే, "లెక్కవెట్టలే బిడ్డా. ఎవలొస్తే వాళ్లది మాట్లాడుత," అని నవ్వి, చేతిలోని బెడ్‌పాను పట్టుకుని వార్డులోకి వెళ్లిపోతుంది.

పుట్టింది గోలేటిలో. ఇంటి వెనక గోండుల గుడిసెలు. ఆ పిల్లలతో ఆడీ పాడీ గోండి నేర్చింది. పెళ్లయి గోదావరిఖని వస్తే, పక్క క్వార్టర్‌లో గోరఖ్‌పూర్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఉండేది. నల్లా దగ్గర బిందె కోసం పోట్లాడి హిందీ నేర్చింది. పోట్లాటలో నేర్చిన భాష చచ్చేదాకా మరవమట! చౌరస్తాలో గాజులమ్మే ఖాలాతో బేరమాడి ఉర్దూ పట్టింది. కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టి తోడే పనికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా మనుషులు దిగాక, కాన్పులకొచ్చిన వాళ్ల ఆడవాళ్ల చేతులు పట్టుకుని ఆ రెండు భాషలూ నేర్చింది. అక్షరాలు మాత్రం ఒక్క తెలుగువే. అవి కూడా చర్చిలో బైబిలు మీద వేలు పెట్టి, కూడబలుక్కుని నేర్చుకున్నవి.

ఇన్ని భాషలు మాట్లాడే ఆ నోరు అనని మాట ఒక్కటే ఉంది. అది మొగుడి పేరు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట అత్తగారింటి గడపలో ఆడబిడ్డలు అడ్డం నిలబడి "పేరు చెప్పందే లోపటికి రానియ్యం" అంటే, గబుక్కున అనేసి సిగ్గుతో లోపలికి పరుగెత్తింది. మళ్లీ అనలేదు. ఇంట్లో "ఏమయ్యో" అంటుంది, బయట "మా ఇంటాయన" అంటుంది. ఆ పేరు నాకు తెలుసు. కానీ ఆమె కంటే ముందు నేను చెప్పేస్తే బాగుండదు, కాస్త ఆగండి.

సారవ్వ గుట్టమీది బొగ్గు కంపెనీ దవాఖానలో ఆయా. ఇరవై ఆరేళ్ల సర్వీసు. సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి ఏడు ఆ దవాఖానకు సూపరింటెండెంటుగా డాక్టర్ రాజకుమారి వచ్చింది. చురుకైన మనిషి. వచ్చిన నెలకే, ఎక్కడెక్కడి మనుషులో వచ్చే ఈ ఊళ్లో ఎవరి భాషలో వాళ్లకు, ఎవరి పద్ధతికి తగ్గట్టు వాళ్లకు వైద్యం అందాలని పట్టుబట్టింది. అయిదేళ్ల ప్రణాళిక అంది. పదకొండు మందితో కమిటీ వేసింది. ఆర్నెల్లపాటు మీటింగులు జరిగాయి. అరవై పేజీల పుస్తకం తయారైంది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా, ఇంగ్లీషుల్లో బోర్డులు వెలిశాయి. గోండి బోర్డు ఏ లిపిలో రాయాలో తేలక వదిలేశారు.

ఆ మీటింగులన్నిటికీ చాయ్ మోసింది సారవ్వే. ఒకరోజు కప్పులు తీస్తూ, "నన్నొక మాట అడుగుండ్రి మేడం," అంది. "తప్పకుండా సారవ్వా, తర్వాత," అంది డాక్టరమ్మ. ఆ తర్వాత రానేలేదు. సారవ్వకు కడుపు మండింది. అన్నం ఉడికిందో లేదో వడ్డించే మనిషిని అడగాలి గానీ, పళ్లెం మీద పువ్వులు వేసినవాణ్ని అడిగితే ఏం లాభం?

ప్రణాళికను పరిశీలించడానికి హైదరాబాదు నుంచి పెద్దసారు వచ్చే రోజు రానే వచ్చింది. ఆయన సరే అంటేనే అది పూర్తిగా అమలవుతుంది. దవాఖానంతా పెళ్లిల్లులా ఉంది. ఓపీ కౌంటర్లో రఘుపతి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్తగా వచ్చిన భాషల అట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చీటీ మీద అడగాల్సిన ప్రశ్నలు ఆ అట్ట మీద అయిదు భాషల్లో ఉన్నాయి. వచ్చినవాళ్లకు వినిపించడానికి ఆ ప్రశ్నలన్నీ అతను బట్టీ పట్టాడు.

పదిగంటలకు సారవ్వ లేబర్ రూముకు దుప్పట్లు తీసుకుపోతూ కౌంటర్ పక్క బెంచీ చూసింది. నిండు గర్భిణి ఒకతి గోడకు తల ఆనించి కూర్చుంది. పాదాలు పొంగి చెప్పుల్లోంచి బయటికి వచ్చాయి.

"ఏంది రఘుపతీ, గామెను గట్ల ఎందుకు కూసోవెట్టినవ్?"

"ఆమెకు ఏ భాష రాదవ్వా. అయిదు భాషల్ల అడిగిన. ఒక్కదానికి జవాబు లేదు. ఆరో భాష తెలిసినోని కోసం ఫోన్ చేసిన, వస్తుండు."

"అడిగితివి గని, ఏమడిగితివి?"

"చీటీల మొదటిదే. పెనిమిటి పేరు. అది రాయంది కంప్యూటరు ముంగటికి పోదు."

"హిందీల అడిగినప్పుడు ఏం చేసింది?"

"ఏం చేస్తది? కొంగు ముంగటికి గుంజుకొని కొరుక్కుంట కూసుంది."

సారవ్వ దుప్పట్లు అక్కడే పడేసింది. ఆ గర్భిణి ముందు గొంతుకూర్చుని, గడ్డం పట్టుకుని, ఛత్తీస్‌గఢీలో మెల్లగా, "కా హోఇస్ బహినీ?" అంది.

ఆ మాట చెవినపడగానే ఆమె కళ్లు తెరిచింది. "మూడ్ పిరాథే దీదీ," అని ఏడ్చేసింది. తల పగిలిపోతోందట. పొద్దుటి నుంచి కళ్లముందు చీకట్లు కమ్ముతున్నాయట. పేరు ఫూల్‌బాయి. మొగుడు ఓపెన్‌కాస్టులో డ్యూటీ మీద ఉన్నాడు. రెండు గంటలుగా కూర్చుంది.

పొంగిన కాళ్లు, తలనొప్పి, కళ్లకు చీకట్లు. ఇరవై ఆరేళ్లలో ఇలాంటివాళ్లు ముగ్గురు ఫిట్స్ వచ్చి పోవడం సారవ్వ కళ్లారా చూసింది. చక్రాల కుర్చీ లాక్కొచ్చి ఫూల్‌బాయిని కూర్చోబెట్టింది.

"అవ్వా, చీటీ లేకుంట లోపటికి తీస్కపోవద్దు! ఇయ్యాల్నే పెద్దసారు వచ్చిండు. నీ నౌకరి పోతది!" అని రఘుపతి కౌంటర్లోంచి లేచాడు.

"పోతే పోనీ! చీటీ ఎనక రాసుకో. మనిషే పోతే చీటీ నీ మెడల ఏసుకుంటవా? జర జరుగుండ్రి, జల్ది, జల్ది!"

కుర్చీ కారిడార్లో గడగడా పరుగెత్తింది. కొత్త బోర్డులన్నీ పక్కనుంచి వెళ్లిపోయాయి. నర్సు సుజిత బీపీ చూసి, నమ్మక రెండోసారి చూసింది. నూట ఎనభై, నూట ఇరవై. మరు నిమిషంలో ఇంజెక్షన్ ఎక్కించింది. పై అంతస్తులో పెద్దసారుకు ప్రణాళిక పద్నాలుగో పేజీ చూపిస్తున్న డాక్టర్ రాజకుమారి కబురందగానే పుస్తకం అలాగే వదిలేసి మెట్లు దిగింది. ఆ ఊళ్లో అంత చెయ్యి తిరిగిన కాన్పుల డాక్టరు ఇంకొకరు లేరు.

ఆపరేషన్ జరిగినంతసేపూ సారవ్వ ఫూల్‌బాయి తల దగ్గరే నిలబడి, ఛత్తీస్‌గఢీలో ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. చివరికి చిన్న పిట్ట కూతలాంటి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లి కూడా గట్టెక్కింది. సారవ్వ సంతోషంతో గోడకు ఒరిగి, "ప్రభువా, ప్రభువా," అంది.

మధ్యాహ్నం మీటింగు హాల్లోకి పిలుపు వచ్చింది. చీటీ లేకుండా లోపలికి తోసుకుపోయిందని రఘుపతి అప్పటికే చెప్పేశాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని గుబులుపడుతూనే సారవ్వ వెళ్లి నిలబడింది. డాక్టర్ రాజకుమారి తల మీద ఆపరేషన్ టోపీ కూడా తీయలేదు.

"అయిదు భాషల్లో అడిగినా పలకని మనిషిని నువ్వేమడిగావమ్మా?" అన్నాడు పెద్దసారు.

"నేను పెనిమిటి పేరడగలే సార్. ఏమైంది చెల్లే అని అడిగిన. పెనిమిటి పేరు ఎట్ల చెప్తది? అంటే ఆయన ఆయుష్షు తరుగుతదని భయం. మా దిక్కు మేం గూడ అనం."

"ఈ కాలంల గవన్ని ఎవలు పట్టించుకుంటరు సార్!" అన్నాడు రఘుపతి.

"ఇంటికి పోయి మీ అమ్మనడుగు, మీ నాయిన పేరేందని. చెప్తే నా చెవు కోసిస్త."

వాళ్లమ్మ సమ్మవ్వ సంగతి రఘుపతికి తెలియదా? సారవ్వ ఊపు మీదుంది. గిర్రున డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మేడం, ఏమనుకోకుండ్రి. మీ ఇంటాయన పేరేంది?"

"ఎవరు, మా డాక్టర్ గారా?" అంది రాజకుమారి. అని ఆగింది. పెదవులు కదిలాయి, పేరు మాత్రం బయటికి రాలేదు. హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు. అందరికంటే ఎక్కువ నవ్వింది డాక్టరమ్మే. నవ్వుతూనే ఎర్ర పెన్ను తీసి, చీటీలో మొదటి ప్రశ్న కొట్టేసి, 'ఎక్కడ నొప్పి?' అని రాసింది. మొగుడి పేరు గేటు పాసు చూసి రాసుకోవచ్చు, వెంట వచ్చినవాళ్లను అడగొచ్చు.

"సారవ్వా, ఆరోజు నువ్వొక మాట అడగమన్నావు. నేనే అడగలేదు, తప్పు నాదే. ఇప్పుడు చెప్పు," అంటూ పన్నెండో కుర్చీ వేయించింది.

ఆ హాల్లో కూర్చోవడం సారవ్వకు అదే మొదటిసారి. అంచు మీద కూర్చుని మొదలుపెడితే సాయంత్రం షిఫ్టు సైరన్ కూసేదాకా ఆగలేదు. "బొగ్గుబాయి పనోడు నొప్పి లేదంటే నమ్మకుండ్రి, అన్‌ఫిట్ రాస్తే నౌకరి పోతదని దాస్తడు. గోండోళ్లకు బోర్డెందుకు మేడం? గేటు కాడ వాళ్ల మనిషి నిలవడితే చాలు, ఎన్కముందాడకుంట వస్తరు." పెద్దసారు తానే పెన్ను తీసుకుని రాసుకున్నాడు. ప్రణాళికకు సరే అన్నాడు, పన్నెండో పేరు చేరిస్తేనే అన్నాడు.

పది రోజులకు ఆర్డరు వచ్చింది. ఆయాల్లో, స్వీపర్లలో, సెక్యూరిటీలో ఎవరికి ఏ భాష వచ్చో వెతికి, వాళ్లను నడిపించే పని సారవ్వది. ఆఫీసు ఫారం పట్టుకుని రఘుపతే వచ్చాడు. మూడో గడి దగ్గర అతని పెన్ను ఆగిపోయింది. భర్త పేరు!

"రోగుల చీటీల కొట్టేసిండ్రు గని మన కాయిదంల ఉంచిండ్రవ్వా," అన్నాడు తల గోక్కుంటూ.

సారవ్వ విరగబడి నవ్వింది. తర్వాత చెయ్యి చాపింది. "పెన్ను గిటు తే. నోటితోని అనద్దన్నరు గని, చేతితోని రాయద్దని ఎవలన్నరు?"

బల్ల మీదకు వంగి, బైబిలు అక్షరాలంత పెద్దగా, ఒక్కొక్కటే దిద్దింది. గడి చాలలేదు. చివరి అక్షరం పక్క గడిలోకి పోయింది. సిరా ఆరేదాకా కన్నార్పకుండా చూసుకుంది, కళ్లు నీళ్లతో నిండాయి. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత, తన చేత్తో.

అంద్రెయ.